మ్యాచ్ ఎప్పుడో ముందు చెప్పండి: భారత ఫుట్‌బాల్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బుల యజమానులకు, మ్యాచ్‌లు ప్రసారం చేసే సంస్థల వారికి నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. రోజూ పొద్దున్నే మా బస్తీ గ్రౌండ్‌లో పాతికమంది పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. గ్రౌండ్ గోడకు ఒక నల్లబల్ల ఉంది. ఆ వారం టీవీలో వచ్చే మ్యాచ్‌లు, వాటి టైములు దాని మీద సుద్దముక్కతో రాస్తాను. ఆట నేర్చుకునే పిల్లవాడు వారానికి ఒక్క మ్యాచ్ అయినా మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలని నా పట్టుదల. బంతి లేనప్పుడు ఆటగాడు ఎక్కడ నిలబడతాడో నేను ఎంత అరిచి చెప్పినా ఎక్కదు, చూస్తేనే తెలుస్తుంది. అయితే ఈ కొన్నేళ్లలో ఆ బల్ల మీద నేను రాసినదానికంటే తుడిచిందే ఎక్కువ. తేదీ మారిందని ఒకసారి, టైము మారిందని ఒకసారి, ఛానెల్ మారిందని ఇంకోసారి, అసలు సీజనే ఉందో లేదో తెలియదని మరోసారి. అదే ఐపీఎల్ మ్యాచ్ ఎన్నింటికో నా పిల్లల్లో ఒక్కడు కూడా ఎవర్నీ అడగడు. ఏడున్నరకి. అంతే.

మీకు రాయాలనుకున్నది ఈ ఒక్క సంగతే. టీవీలో మన ఫుట్‌బాల్ చూసేవాళ్లు తగ్గిపోయారంటున్నారు. నిజమే కావచ్చు. కానీ అందుకు కారణం జనానికి ఆట మీద ఇష్టం చచ్చిపోవడం అంటే నేను ఒప్పుకోను. వాళ్లకు మీరు ఒక వేళ ఇవ్వలేదు. ఇచ్చిన వేళను నిలబెట్టలేదు.

2014 అక్టోబర్ 12న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఐఎస్ఎల్ మొదలైన రోజు గుర్తు చేసుకోండి. ఎనిమిది జట్లు, 61 మ్యాచ్‌లు, డిసెంబర్ 20కల్లా ఫైనల్ కూడా అయిపోయింది. సాయంత్రం ఏడయితే చాలు, ఏదో ఒక ఊళ్లో మ్యాచ్ ఉండేది. ఆ తొలి సీజన్‌ను 42.9 కోట్లమంది చూశారని అప్పట్లో ప్రకటించారు. ఆ అంకెను నేను ఉన్నదున్నట్టు తీసుకోను. ఇలాంటి లెక్కల్లో ఒక్క నిమిషం ఆగి చూసి ఛానెల్ మార్చినవాడు కూడా ప్రేక్షకుడే, తొంభై నిమిషాలూ కదలకుండా కూర్చున్నవాడూ ప్రేక్షకుడే. పైగా 2015లో టీవీ రేటింగులు కొలిచే బార్క్ సంస్థ వచ్చాక కొలిచే పద్ధతే మారిపోయింది, అప్పటి అంకెను ఇప్పటి అంకె పక్కన పెట్టి పోల్చడం కుదరదు. డెల్ పియరో, పిరెస్, ట్రెజెగే లాంటి విదేశీ స్టార్ల పేర్లు చూసి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. ఇవన్నీ తీసేసినా ఒకటి మాత్రం మిగులుతుంది. ఆ రెండున్నర నెలలు మా వీధిలో ఫుట్‌బాల్‌కు ఒక టైము ఉండేది. అన్నం తినే టైము ఎలాగో అలాగ.

పది వారాల పండగను ఐదారు నెలల లీగ్‌గా మార్చడం తప్పని నేను అనడం లేదు. ఆటగాడికి ఏడాదంతా మ్యాచ్‌లు కావాలి. రెండున్నర నెలల టోర్నమెంటుతో దేశానికి ఫుట్‌బాల్ రాదు. అయితే సీజన్‌ను సాగదీసినప్పుడు వేళను ఇంకా గట్టిగా పట్టుకోవాలి. మనం దాన్నే వదిలేశాం. ఏడు గంటలు ఎనిమిది అయింది, ఎనిమిది ఏడున్నర అయింది. కరోనా రోజుల్లో మ్యాచ్‌లన్నీ గోవాలో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు, 2021-22లో శనివారాలు రెండో మ్యాచ్‌ను రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టారు. అది ముగిసేసరికి పదకొండున్నర. 2023-24లో మళ్లీ ఎనిమిది, ఆ తర్వాత మళ్లీ ఏడున్నర. మధ్యలో ఐదు, ఐదున్నర మ్యాచ్‌లు. ఈ మార్పుల్లో దేనికదే చూస్తే ఏదో ఒక కారణం దొరుకుతుంది. కానీ పదేళ్ల మార్పులు అన్నీ కలిపి చూసేవాడికి అర్థమయ్యేది ఒకటే: ఈ ఆటకు ఒక వేళంటూ లేదు.

మా వీధి చివర ఒక టీ కొట్టు ఉంది. గోడకు టీవీ. రెండేళ్ల కిందట ఒక శనివారం సాయంత్రం నేను వెళ్లి, "భాయ్, ఇయ్యాల ఫుట్‌బాల్ ఉంది, పెట్టు" అన్నాను. ఆయనకు ఆట ఇష్టం, చిన్నప్పుడు ఆడినవాడు. రిమోట్ తీసి, "ఏ ఛానెల్ల వస్తది?" అన్నాడు. నాకూ సరిగ్గా తెలియదు. ఒకటి తిప్పాడు, రెండు తిప్పాడు. పాత కబడ్డీ మ్యాచ్, ఎవరిదో ఇంటర్వ్యూ, ప్రకటనలు. దొరికేసరికి పన్నెండో నిమిషం నడుస్తోంది, ఒక గోల్ అయిపోయింది. అప్పటికే ముగ్గురు "క్రికెట్ పెట్టు భాయ్" అని గొణగడం మొదలుపెట్టారు. ఆయన నా ముఖం చూశాడు. తర్వాత క్రికెట్ పెట్టాడు. టీ గ్లాసు నా చేతికిస్తూ ఒక మాటన్నాడు: "ఎన్నింటికి షురూ అయితదో, యాడ వస్తదో ముందు చెప్తే నేను మంచిగ పెట్టి ఉంచుతుంటి. ఇట్ల ఎట్ల?"

మీ సమావేశాల్లో ఎంతమంది సలహాదారులు కూర్చుంటారో గానీ, ఈ విషయం ఇంతకన్నా సూటిగా చెప్పినవాడు నాకు తగల్లేదు.

ఇక గడియారం దగ్గరికి వద్దాం. మీరు ఏడున్నరకు మ్యాచ్ పెడితే దానికి ఎదురుగా ఉండేది క్రికెట్ ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లు మన గడియారంలో ఎన్నింటికి పడతాయో చూడండి. అక్కడి వేసవి టైము నడిచినన్నాళ్లు సరిగ్గా ఏడున్నరకు. అక్టోబర్ చివర వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పాక ఎనిమిదిన్నరకు, అంటే ఇంచుమించు మీ మ్యాచ్ రెండో సగం మొదలయ్యే వేళకే. ఫుట్‌బాల్ అంటే పడిచచ్చే కుర్రాడు, లివర్‌పూల్ చొక్కా వేసుకుని తిరిగే మా పద్నాలుగేళ్లవాడు, అప్పుడు ఎటు తిరుగుతాడు? క్రికెట్ అభిమానిని మనవైపు లాగడం కష్టమే. కానీ ఈ కుర్రాడు అప్పటికే మనవాడు. వాడి ముందు రెండు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఒకేసారి పెట్టి ఎంచుకోమంటున్నాం.

ఆ 3 గంటల మ్యాచ్‌లను ఇంగ్లండ్ తన సొంత గడ్డ మీద టీవీలో ప్రత్యక్షంగా చూపించదు. శనివారం 2:45 నుంచి 5:15 దాకా అక్కడ లైవ్ ఫుట్‌బాల్ ప్రసారం ఉండకూడదన్న నిబంధన 1960ల నుంచీ నడుస్తోంది. చిన్న క్లబ్బుల గ్రౌండ్లు ఖాళీ అయిపోకూడదని పెట్టుకున్న నియమం అది. వాళ్లు శనివారం మూడు గంటల్ని అరవై ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చారు. జర్మనీలో సోమవారం రాత్రి మ్యాచ్‌లు పెట్టినప్పుడు అభిమానులు ఊరుకోలేదు. 2018 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్, లైప్‌జిగ్ మ్యాచ్‌లో మైదానం నిండా టెన్నిస్ బంతులు విసిరారు. మంగళవారం పొద్దున్నే పనికి పోవాల్సినవాడు సోమవారం రాత్రి వేరే ఊరికి మ్యాచ్‌కి ఎలా వెళ్తాడన్నది వాళ్ల గోడు. అదే ఏడాది నవంబర్‌లో లీగ్ దిగివచ్చింది. 2021-22 నుంచి బుండెస్‌లీగాలో సోమవారం మ్యాచ్‌లు లేవు. టీవీ డబ్బు వాళ్లకూ కావాలి. అయినా ఒక మాట విన్నారు.

మన దగ్గర మ్యాచ్ వేళ గురించి అభిమానిని అడిగినవాళ్లు ఎవరు?

మా ఊరి సంగతే చెబుతాను. ఇది రహీం సాబ్ ఊరు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మా సికింద్రాబాద్ పక్కనే అమ్ముగూడలో పుట్టినవాడు. మా నాన్న ఫతే మైదాన్‌కు సైకిల్ మీద పోయి మ్యాచ్‌లు చూసినవాడు. చనిపోయేదాకా గోల్‌కీపర్ తంగరాజ్ గురించి చెబుతూనే ఉండేవాడు. ఇలాంటి ఊళ్లో 2024లో, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ! దేశంలో అంతకన్నా మంచి జోడీ ఏముంది? రాబి హన్స్‌డా తొంభై నిమిషాలు దాటాక ఇంజురీ టైములో గోల్ కొట్టి బెంగాల్‌ను గెలిపించాడు. అది గచ్చిబౌలిలో ఏ రోజు ఆడించారు? డిసెంబర్ 31 రాత్రి. నగరం మొత్తం కొత్త సంవత్సరం హడావుడిలో ఉండగా, పోలీసులు ఫ్లైఓవర్లు మూసే రాత్రి. నా పిల్లల్లో ఒక్కరిని కూడా ఇంట్లోవాళ్లు పంపలేదు. పంపమని నేనూ అడగలేకపోయాను.

దీని పక్కన ఇంకో రాత్రి పెట్టి చూడండి. 2022 మార్చి 20. ఆదివారం. గోవా ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ ఫైనల్. ఆదివారం రాత్రి ఫైనల్ అని వారం ముందే బస్తీ అంతా తెలుసు. మా ఇంటి ముందు గదిలో ఇరవైమంది పిల్లలు, కిటికీ బయట ఇంకో పదిమంది. కేరళ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లోనే తన్నిన బంతి గోల్‌లో పడ్డప్పుడు మా మంచం కోడు విరిగింది. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి ఒకటి ఆపాడు, రెండు ఆపాడు, మూడోది కూడా ఆపాడు. కప్పు మాదే. మర్నాడు పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కు పోతే నాకు నమ్మబుద్ధి కాలేదు. మామూలుగా గోల్‌లో నిలబడమంటే ఎవడూ ముందుకు రాడు, పంతం వేసి ఒకణ్ణి నిలబెట్టాలి. ఆ రోజు అందరికీ గోల్‌కీపర్ కావాలి. ఒకడు వాళ్ల నాన్న బండి గ్లౌజులు తొడుక్కుని వచ్చాడు, వేళ్లు సగం ఖాళీగా వేలాడుతున్నాయి. నెలరోజులు వాడు ఆ గ్లౌజులు తీయలేదు.

టీవీ అంటే ఇది చేస్తుంది. ఏ మీటరూ దీన్ని కొలవదు. దేశం మొత్తానికి అరలక్షకు పైచిలుకు ఇళ్లలో పెట్టిన మీటర్లతో రేటింగ్ లెక్క కడతారు. మా టీ కొట్టు టీవీ అందులో లేదు, కిటికీ బయట నిలబడ్డ పదిమంది లేరు, ఫోన్‌లో చూసే కుర్రాళ్లు లేరు. అందుకని ఆ లెక్క అబద్ధమని కొట్టిపారేయను. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు ఏదో ఒక కొలబద్ద కావాలి. పడిపోయింది అన్నప్పుడు ఏది పడిపోయిందో, ఏ మ్యాచ్‌కు, ఏ వేళకు, ఏ రాష్ట్రంలో పడిపోయిందో మాకూ చూపించండి. శనివారం ఐదు గంటల మ్యాచ్‌ను ఎందరు చూశారు, గురువారం ఏడున్నర మ్యాచ్‌ను ఎందరు చూశారు? ఆ లెక్క బయటపెడితే ఏ వేళ పనికొస్తుందో సగం తగువు అక్కడే తేలిపోతుంది.

ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇప్పుడు మాకు లేదు. ఢిల్లీ వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. డబ్బుల్లేక చితికిపోయిన క్లబ్బు అది, దాని కష్టాలకు షెడ్యూల్‌ను తప్పుపట్టను. ఇక్కడే శ్రీనిధి దక్కన్ 2022-23, 2023-24లో వరుసగా రెండుసార్లు, ఐఎస్ఎల్‌కు కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. నగరంలో ఆ సంగతి తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మొన్నటి సీజన్ మాట ఎత్తకుండా ఈ లేఖ ముగించలేను. 2010 డిసెంబర్‌లో సమాఖ్యకూ ఐఎంజీ-రిలయన్స్‌కూ మధ్య వాణిజ్య హక్కుల మీద పదిహేనేళ్లకు, 700 కోట్లకు కుదిరిన ఒప్పందం 2025 డిసెంబర్‌లో ముగుస్తుందని పదిహేనేళ్లుగా అందరికీ తెలుసు. అయినా 2025 జూలైలో సీజన్ నిలిచిపోయింది. అక్టోబర్‌లో హక్కులకు టెండర్ పిలిస్తే, నవంబర్‌లో గడువు ముగిసేసరికి ఒక్క బిడ్ కూడా పడలేదు. ఆ రోజుల్లోనే గోవాలో సూపర్ కప్ ఆడించారు. గ్రూపు మ్యాచ్‌లు నవంబర్ మొదటి వారంలో అయిపోతే సెమీఫైనల్స్ డిసెంబర్ 4న. నెలరోజులు! ఏ జట్టు సెమీస్‌కు వచ్చిందో చూసేవాడికి అప్పటికి గుర్తుంటుందా? చివరికి 2026 జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి, ఐఎస్ఎల్ ఫిబ్రవరి 14న మొదలవుతుందని ప్రకటించారు. పద్నాలుగు జట్లు, ఒక్కొక్కరు ఒకసారే తలపడేలా 91 మ్యాచ్‌లు.

ప్రకటనకూ తొలి విజిల్‌కూ మధ్య 39 రోజులు. ఫిబ్రవరి 7 నుంచి మార్చి 8 దాకా మన దేశంలో, శ్రీలంకలో టీ20 ప్రపంచకప్. ఫిబ్రవరి 15 ఆదివారం భారత్, పాకిస్తాన్ మ్యాచ్ అన్నది నవంబర్‌లోనే ఖరారై అచ్చయింది. ప్రపంచకప్ అయిపోగానే మార్చి చివర ఐపీఎల్. ఈ రెండింటి మధ్య ఇరుకుసందులో ఫుట్‌బాల్‌ను నిలబెట్టి, రేపు ఎవరైనా రేటింగులు తీసి చూపించి "చూశారా, ఎవరూ చూడటం లేదు" అంటే అది న్యాయం కాదు. ఆడించగలిగినందుకు సంతోషించాను, ఆటగాళ్ల జీతాలు, వాళ్ల కుటుంబాలు నాకు తెలియనివి కావు. కానీ ఈ ఒక్క సీజన్ అంకెల్ని పట్టుకుని వచ్చే పదేళ్ల ధర కట్టకండి.

డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు జట్ల పోరు, దాని మాట కూడా ఉంది. 2025 జనవరి 11న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌ను కోల్‌కతాలో కాదు, గువాహటిలో ఆడించారు. గంగాసాగర్ మేళా బందోబస్తు వల్ల పోలీసులు దొరకలేదని. గంగాసాగర్ మేళా ఏ రోజు వస్తుందో పంచాంగం చెబుతుంది, ప్రతి ఏడూ మకర సంక్రాంతికే వస్తుంది. ఆ వారం తప్పించి డెర్బీ పెట్టడానికి ఏం అడ్డం? సంక్రాంతి ఎప్పుడో మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

ఇప్పుడు నేను అడిగేవి. 2026-27 సీజన్ మొత్తం, మొదటి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా, తేదీ, వేళ, ఛానెల్‌తో సహా కనీసం రెండు నెలల ముందు ఒకేసారి విడుదల చేయండి. ఆగస్టు చివర మొదలుపెట్టి మార్చి మధ్యలో, ఐపీఎల్ గంట మోగకముందే ఫైనల్ ఆడించండి. 2025 ఫైనల్ ఏప్రిల్ 12న జరిగింది, 2024ది మే 4న. రెండుసార్లూ ఐపీఎల్ నడుమ. ఏడాది కష్టానికి దక్కే రాత్రిని అలా పోగొట్టుకోవద్దు. పద్నాలుగు జట్లుంటే రౌండుకు ఏడు మ్యాచ్‌లు. శుక్రవారం రాత్రి ఏడుకు ఒకటి, శనివారం మూడు, ఆదివారం మూడు: మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఐదు, రాత్రి ఏడు. మూడు గంటలంటే ఎండ అంటారు, నిజమే, చెన్నైలో సెప్టెంబర్‌లో ఆడించలేం. కానీ గువాహటిలో డిసెంబర్‌లో నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ మూడు గంటల మ్యాచ్ చలికాలంలో ఈశాన్యానికి, ఉత్తరాదికి ఇవ్వండి. ఎండలున్నన్నాళ్లు దాన్ని ఐదుకు జరిపి, ఐదుకు రెండు గ్రౌండ్లలో ఆడించండి. ఏడు గంటల మ్యాచ్ తొమ్మిదికల్లా అయిపోతుంది. పిల్లలు పడుకుంటారు, స్టేడియంకు వెళ్లినవాళ్లకు ఇంటికి బస్సు దొరుకుతుంది.

ఆ వేళలు ఒక సీజన్‌లో నచ్చకపోయినా మార్చకండి. కనీసం మూడేళ్లు ఉంచండి. అలవాటు ఒక్క ఏడాదిలో పడేది కాదు.

ప్రసారం చేసేవారికి ఒక మనవి. మలయాళంలో, బెంగాలీలో ఐఎస్ఎల్ వ్యాఖ్యానం వచ్చినప్పుడు ఆ ఇళ్లలో అమ్మమ్మలు కూడా కూర్చుని చూశారు. తెలుగులో ఫుట్‌బాల్ మాటలు మాకు కొత్త కాదు. "లోపలికి కొట్టరా", "గోడకట్టండి", "తలతో వేసెయ్" అని గ్రౌండ్‌లో పొద్దస్తమానం అరిచేది తెలుగులోనే. ఐఎస్ఎల్‌లో ఇప్పుడు మా ఊరి జట్టు లేదు కాబట్టి తెలుగు అక్కర్లేదని అనుకోకండి. జట్టు లేనప్పుడే మాట కావాలి, లేకపోతే మళ్లీ జట్టు వచ్చేసరికి చూసేవాడు మిగలడు.

క్లబ్బుల యజమానులకు కూడా: ప్రసార హక్కుల ఒప్పందం మీద సంతకం చేసేముందు ఆ కాగితంలో మ్యాచ్ వేళను ఎవరు మార్చవచ్చో, ఎన్ని రోజుల ముందు మార్చవచ్చో రాసి ఉందేమో చూడండి. నాలుగు వారాల లోపు మార్చకూడదని పట్టుబట్టండి. టికెట్ కొన్నవాడు, రైలు టికెట్ తీసుకున్నవాడు, మ్యాచ్ కోసం సెలవు పెట్టుకున్నవాడు మీవాడు.

ఇవాళ మా నల్లబల్ల ఖాళీగా ఉంది. వచ్చే సీజన్ తేదీలు మీరు ఖరారు చేసి ప్రకటించిన రోజున ఈసారి సుద్దముక్క వాడను. మా వీధి పెయింటర్‌ను పిలిచి, ఆగస్టు నుంచి మార్చి దాకా రంగుతో రాయిస్తాను.

ఇట్లు,
పిల్లలకు ఆట నేర్పే ఒక ఫుట్‌బాల్ అభిమాని,
సికింద్రాబాద్.